జేబు కెమేరాయా, లెన్సు మార్చు కెమేరాయా?

(సోలాపురమునందలి మన పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పాఠశాల కొఱకు ఒక కెమేరా కొనవలెనని సంఘమువారు తలపెట్టి, ఏది కొనదగినదో విచారించి మీకు విన్నవింపుమని మమ్ము నియమించిరి. ప్రశ్న చూచుటకు చిన్నది. అంగీ జేబులో ఇముడు అల్ట్రా కాంపాక్ట్ కెమేరాయా? లేక లెన్సులు మార్చుటకు వీలుగల మిర్రర్‌లెస్ కెమేరాలలో ప్రారంభ తరగతికి చెందినదియా? మీలో పలువురు తమ ఇంటి కొఱకును ఇదే ప్రశ్న మమ్మడుగుచున్నారు. కావున బడికి ఒక సమాధానము, ఇంటికి ఒక సమాధానము చెప్పవలసియున్నది. ఆ రెండును ఒకటి కావని ముందే మనవి చేయుచున్నాము.

ఈ సొమ్ము మీది. ఒక పూట సాంచ ఆగినచో ఆ పూట కూలి కోల్పోవు తండ్రులును, ఇంటి గడపలో కూర్చుండి బీడీలు చుట్టు తల్లులును ఇచ్చిన చందాలతో ఈ వస్తువును కొనవలసియున్నది. అందులో ఒక్క రూపాయి వ్యర్థమైనను మేము మీకు జవాబుదారులము. కావున వస్తువును పొగడుటకు ముందు, మా తప్పిదము నొకదానిని మీ యెదుట ఒప్పుకొనుట న్యాయము.

రెండేండ్ల క్రిందట ఈ వార్షిక సంచిక కొఱకే, మన విద్యార్థి యొకని తాతగారిని ఫోటో తీయబోయితిమి. ఆయన ఇంటిలో గుంటమగ్గము ఇంకను నిలిచియుండెను. మన పేటలన్నియు మరమగ్గముల చప్పుడుతో మారుమ్రోగుచుండగా, ఆయన మాత్రము ఆ గుంటలో కాళ్లుపెట్టి కూర్చుండి, నాడె విసరుచు, చీరకు కావలసిన పడుగు పేకలను పిల్లలకు వివరించెడివారు. మనుమడు ఒక నోటుపుస్తకములో పన్నె, అచ్చు, నాడె, కండె అని మగ్గపు భాగముల పేర్లన్నియు తాత నోట విని తెలుగులో వ్రాసికొనియుండెను. మా చేతిలో ఒక చిన్న జేబు కెమేరా ఉండెను. గది చీకటి. ఫోటో తీయకమునుపు ఆ పెద్దాయన మమ్మడిగిన మాట ఒక్కటే: "బిడ్డా, మగ్గం గూడ పడ్తదా?" పడునని చెప్పితిమి.

పడలేదు. ఫ్లాషు వెలిగెను, ముఖము సున్నము పూసినట్లు తెల్లనయ్యెను, వెనుకనున్న మగ్గము చీకటిలో కలిసిపోయెను. పండుగ పోయిన పిదప మరల వచ్చి తీసెదమని అనుకొంటిమి. ఆ పండుగలోపలనే ఆయన కాలము చేసిరి. ఆ మగ్గమును విప్పి కట్టెలు ఒక మూల చేర్చిరి. ఇప్పుడు ఆ బాలుని నోటుపుస్తకమున పేర్లు కలవు. వ్రేలు పెట్టి చూపుటకు బొమ్మ లేదు.

అప్పటినుండి ఈ విషయమును కొంత శ్రద్ధతో చదివి, చేసి చూచి తెలిసికొంటిమి. తెలిసికొన్నదానిని మీకు చెప్పెదము.

మొదట ఈ రెండు కెమేరాలు ఎట్లు పుట్టినవో చూతము. ఫిల్ము కాలమున మంచి కెమేరాలో లెన్సు వెనుక ఒక అద్దము ఉండెడిది. లెన్సు చూచు దృశ్యమును ఆ అద్దము పైకి త్రిప్పి, తీయువాని కంటికి చూపెడిది. మీట నొక్కగానే అద్దము పైకి లేచి, వెలుగు ఫిల్ముపై పడెడిది. 1975లో కోడక్ సంస్థలో పనిచేయుచున్న స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు ఫిల్ము లేని కెమేరాను నిర్మించెను. అది 100 చుక్కల వెడల్పు, 100 చుక్కల ఎత్తు గల బొమ్మను తీసి, క్యాసెట్టు టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెడిది. ఫిల్ము స్థానమున సెన్సారు వచ్చిన తరువాత, అది చూచుచున్న దృశ్యమును తెరమీద నేరుగనే చూడవచ్చును గదా, మధ్య ఈ అద్దమెందుకు అను ఆలోచన కలిగెను. 2008లో ఒలింపస్, పానసోనిక్ సంస్థలు కలిసి ఒక పద్ధతిని ప్రకటించినవి. ఆ యేడే పానసోనిక్ జి1 వెలువడెను. అద్దము పోయెను గాని లెన్సు మార్చుకొను సౌకర్యము నిలిచెను. అందుచేతనే దీనికి మిర్రర్‌లెస్ అని పేరు. 2010లో సోనీయు, 2012లో కెనానును ఈ మార్గము పట్టినవి. నేడు ప్రారంభ తరగతిలో కెనాన్ ఆర్50, ఆర్100, నికాన్ జెడ్30, సోనీ జడ్‌వి-ఇ10 మొదలైనవి కలవు.

జేబు కెమేరా కథ వేరు. దానిలో లెన్సు కెమేరాకే అతికియుండును. ఆపివేసినప్పుడు లోపలికి ముడుచుకొనును. ఇది ఒకప్పుడు ప్రతి పెండ్లిలోను, ప్రతి యాత్రలోను కనబడెడిది. జపాను కెమేరా తయారీదారుల సంఘము లెక్కల ప్రకారము 2010లో ప్రపంచమున పంపిణీ యైన డిజిటల్ కెమేరాలు 12 కోట్లకు పైబడినవి; అందు అధిక భాగము ఇట్టి చిన్నవే. 2023 నాటికి అన్ని రకములు కలిసినను ఆ సంఖ్య 80 లక్షలకు లోపే. నడుమ ఏమి జరిగెనో మీ చేతిలోని ఫోను చెప్పును. ఐనను జేబు కెమేరా చావలేదు. యువకులు పాతవాటిని వెదకి కొనుట ఈమధ్య వేడుకయైనది. 2016లో వచ్చిన కెనాన్ ఇక్సస్ 285 అను చిన్న కెమేరాను స్వల్ప మార్పులతో 2025లో మరల విడుదల చేసిరి.

ఇక అసలు భేదమునకు వత్తము. అది లెన్సు మార్చుటలో మాత్రమే లేదు. సెన్సారు వైశాల్యములో ఉన్నది. వాన కురియుచున్నప్పుడు ముంగిట ఒక చెంబును, ఒక గంగాళమును పెట్టితిమనుకొనుడు. ఎంతసేపటిలో ఏది ఎంత నీరు పట్టునో చెప్పనక్కరలేదు. సెన్సారును వెలుగు పట్టు పాత్రయే. సామాన్యమైన జేబు కెమేరాలో సెన్సారు సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. అనగా 28 చదరపు మిల్లీమీటర్లు. ప్రారంభ తరగతి మిర్రర్‌లెస్ కెమేరాలో సెన్సారు కంపెనీనిబట్టి సుమారు 330 మొదలు 370 చదరపు మిల్లీమీటర్ల వఱకు ఉండును. ఇది 12, 13 రెట్లు పెద్దది. మంచి వెలుతురులో ఈ భేదము కంటికి అంతగా తెలియదు. చీకటి గదిలో తెలియును. చిన్న సెన్సారు తనకు దొరికిన కొద్ది వెలుగును బలవంతముగ పెంచవలసి వచ్చును. అప్పుడు బొమ్మపై ఇసుక చల్లినట్లు చుక్కలు పుట్టును. వాటిని చెరుపబోయి కెమేరా ముఖములోని ముడతలను, వస్త్రములోని నేతను కూడ చెరిపివేయును.

అంగడికి పోయినప్పుడు మోసపోవుటకు వీలున్న చోటు ఒకటి ఇక్కడ కలదు. పెట్టె మీద "1/2.3 అంగుళము", "1 అంగుళము" అని వ్రాసియుండును. ఒక అంగుళమనగా 25 మిల్లీమీటర్లు గదా అని కొలిచినచో అంత కనబడదు. పూర్వము టెలివిజను కెమేరాలలో వాడిన గాజుగొట్టముల వ్యాసమునుబట్టి వచ్చిన లెక్క ఇది. ఒక అంగుళపు సెన్సారు నిజముగ 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 మిల్లీమీటర్ల ఎత్తు. 116 చదరపు మిల్లీమీటర్లు. సామాన్యమైన జేబు కెమేరాకు ఇది నాలుగు రెట్లు. 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 ఈ సెన్సారును జేబులో పట్టు కెమేరాలో అమర్చి పేరుపొందినది. కావున "జేబు కెమేరా" అను ఒకే పేరుక్రింద రెండు జాతులు కలవని గుర్తింపవలెను.

ఇంతమాత్రము విని, పెద్ద సెన్సారు గలదానినే కొందమని మీరు తీర్మానింపవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి. కాని పాత్ర ఎంత పెద్దదైనను దాని మూతి ఇరుకైనచో ఏమి లాభము? లెన్సు మూతి ఎంత తెరచుకొనునో తెలుపుటకు ఒక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్య ఎంత చిన్నదైన మూతి అంత పెద్దది. ప్రారంభ తరగతి మిర్రర్‌లెస్ కెమేరాతోపాటు పెట్టెలో వచ్చు లెన్సు సామాన్యముగ 3.5తో గాని 4.5తో గాని మొదలై, దూరపు వస్తువును దగ్గరకు లాగినకొలది 5.6, 6.3 వఱకు ఇరుకగును. మంచి జేబు కెమేరాలలో, ఉదాహరణకు 2014 నాటి ఆర్ఎక్స్100 మూడవ నమూనాలో, ఆ సంఖ్య 1.8 మొదలు 2.8 మాత్రమే. లెక్క వేసి చూడుడు. 5.6 నుండి 2.8కి వచ్చినచో సెన్సారులోని ప్రతి భాగముపై పడు వెలుగు నాలుగు రెట్లగును. మిర్రర్‌లెస్ సెన్సారు ఆ ఒక అంగుళపు సెన్సారుకు మూడు రెట్లే పెద్దది. ఒక చేతితో పొందినది రెండవ చేతితో పోయినది.

ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. పెట్టెలో వచ్చిన లెన్సుతోనే జీవితమంతయు గడుపదలచినవారికి, చీకటిలో ఫోటో తీయు విషయమున మిర్రర్‌లెస్ కెమేరా మేలిరకపు జేబు కెమేరా కంటె అధికముగ ఏమియు చేయదు. బరువు మాత్రము అధికము. దాని గొప్పతనము రెండవ లెన్సు కొన్ననాడు మొదలగును. 50 మిల్లీమీటర్ల లెన్సు, 1.8 సంఖ్య గలది, దూరము మార్చుటకు వీలులేనిది, చూచుటకు పొట్టిది. దీని మూతి 5.6 గలదానికంటె తొమ్మిది రెట్లకు మించి వెలుగును లోనికి విడుచును. మన వార్షికోత్సవపు రంగస్థలమును తలచుకొనుడు. పెట్టె లెన్సుతో సెకనులో 15వ వంతు కాలము వెలుగు పట్టవలసి వచ్చినచో, నాట్యమాడు బాలిక చేయి పొగవలె చెదరును. ఈ లెన్సుతో అదే వెలుతురున 125వ వంతు చాలును. చేయి చేయిగనే నిలుచును. పోయిన సంవత్సరపు సంచికలో మీ పిల్లల ముఖములు గుర్తుపట్టలేక మీరు నవ్వుకొన్న పుటలకు కారణము ఇదియే.

ఇట్లు చెప్పినంతమాత్రమున జేబు కెమేరాను తక్కువ చేసినట్లు తలపరాదు. దానికి గల గుణములు దానికి కలవు. ఇందాక చెప్పిన ఇక్సస్ బరువు 147 గ్రాములు. మిర్రర్‌లెస్ కెమేరా తన లెన్సుతో కలిసి 500 గ్రాములకు అటునిటు తూగును. రెండవ లెన్సు, సంచి, ఛార్జరు వేరు. శ్రావణ పూర్ణిమనాడు మన మార్కండేయ మహాముని రథోత్సవము వీధులలో సాగుచుండగా, జనసమ్మర్దములో ఒక చేత బిడ్డను పట్టుకొనియున్న తండ్రికి ఏది పనికివచ్చును? రథము ముందు పట్టపగటి వెలుతురు. జేబులోనుండి తీసి ఒకచేత నొక్కి మరల జేబులో వేసికొనదగినదే అక్కడ మేలు. 12 రెట్లు దగ్గరకు లాగు శక్తి ఆ చిన్నదానిలోనే కలదు. రథముపై నున్న విగ్రహమును వీధిమొగనుండియే పట్టవచ్చును. మిర్రర్‌లెస్ పెట్టె లెన్సు మూడురెట్ల మేరకే లాగును. చీర అంచులోని బుటాను సన్నిహితముగ తీయవలెనన్నను, ఇట్టి చిన్న కెమేరా సెంటీమీటరు దూరమునుండి కూడ తీయగలదు. పెద్దదానికి ప్రత్యేకమైన లెన్సు కావలెను.

మఱియొక మాట. వెలగల వస్తువునకు భయము తోడు. భయమువలన తాళము పడును. ఏ సంస్థనైనను చూడుడు; విలువైన కెమేరా కార్యాలయపు బీరువాలో ఉండును, తాళపుచెవి ఒకరి దగ్గర ఉండును, వారు సెలవులో ఉందురు. బీరువాలోని కెమేరా ఏ ఫోటోయు తీయదు. మీ తాతలనాటి ఆగ్ఫా క్లిక్ 3 కెమేరా కొందరి ఇండ్లలో ఇంకను ఉండవచ్చును. అది డబ్బా వంటిది; ఒక రీలుకు 12 ఫోటోలు మాత్రమే. ఐనను మన ఇండ్లలో గోడలకు వ్రేలాడు చిత్రములలో అటువంటి డబ్బాలు తీసినవి ఎన్ని లేవు? తీసినవారు లెక్కించి తీసిరి. అరుగు మీదికి, వెలుతురులోనికి పిలిచి తీసిరి. ఫోటో వెనుక పేర్లు వ్రాసిరి.

ఫోను ఉండగా ఈ రెండును ఎందుకని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనది. పగటి వెలుతురులో, కుటుంబపు అవసరములకు, నేటి మంచి ఫోను సామాన్యమైన చిన్న సెన్సారు జేబు కెమేరాతో సమానము. పెక్కు సందర్భములలో దానికంటె మేలు. అది అనేక ఫోటోలను ఒక్కసారి తీసి, వాటిని కలిపి చీకటిని జయించును. కదలక కూర్చున్న మనిషి విషయమున అది చక్కగ పనిచేయును. కదలు పిల్లల విషయమున, దూరపు రంగస్థలము విషయమున తడబడును. కావున ఇంటిలో మంచి ఫోను ఉన్నవారు చిన్న సెన్సారు జేబు కెమేరాను క్రొత్తగ కొనుట వ్యయమే గాని ప్రయోజనము స్వల్పము. దూరమును దగ్గరకు లాగు అవసరమున్నచో మాత్రమే కొనవలెను.

పాత కాగితముల సంగతియు చెప్పవలెను. ఏలయన మన పాఠశాలకు అది ముఖ్యము. మన తాతముత్తాతలు తెలంగాణపు పల్లెలనుండి ఇచ్చటికి వచ్చిన కాలపు ఉత్తరములు, లెక్క పుస్తకములు, పెండ్లి పత్రికలు మీ పెట్టెలలో మూలుగుచున్నవి. వీటికి ప్రతులు తీయుటకు ఎంత కెమేరా కావలెను? 297 మిల్లీమీటర్ల పొడవు, 210 మిల్లీమీటర్ల వెడల్పు గల ఎ4 కాగితమును, మరల చక్కగ అచ్చువేయుటకు తగినట్లు అంగుళమునకు 300 చుక్కల చొప్పున పట్టవలెనన్నచో, మొత్తము సుమారు 87 లక్షల చుక్కలు చాలును. నేటి జేబు కెమేరా 2 కోట్ల చుక్కలు పట్టును. మిర్రర్‌లెస్ 2 కోట్ల 40 లక్షలు పట్టును. రెండును చాలినంత కంటె అధికమే. ఇక్కడ కావలసినది కెమేరా గొప్పతనము గాదు. కదలని స్టాండు, ప్రక్కనుండి సమముగ పడు కిటికీ వెలుతురు, చదునుగ పరచిన కాగితము. కాబట్టి "ఇన్ని మెగాపిక్సెళ్లు" అని అంగడివాడు చెప్పు మాటకు మీరు అదనముగ డబ్బీయవలదు.

ఇప్పుడు మా తప్పిదమును మరల తలచెదము. ఫ్లాషు వెలుగు దూరము రెట్టింపైనచో నాలుగవ వంతు మాత్రమే చేరును. మూడురెట్లైనచో తొమ్మిదవ వంతు. తాతగారి ముఖము మాకు ఒక మీటరు దూరమున, మగ్గపు వెనుకభాగము మూడు మీటర్ల దూరమున ఉండెను. ముఖమునకు సరిపోవు వెలుగులో మగ్గమునకు తొమ్మిదవ వంతే దక్కెను. అది కెమేరా దోషము గాదు, ప్రకృతి నియమము. ఆనాడు మేము ఫ్లాషు ఆపి, తలుపులు రెండును తెరచి, చిన్న కెమేరానే ఒక పీటపై కదలకుండ నిలిపి, తాతగారిని ఒక్క క్షణము కదలక ఉండుమని ప్రార్థించియున్నచో, మగ్గము పడియుండెడిది. కొంచెము ఇసుక చల్లినట్లున్నను పడియుండెడిది. ఆ రోజున మా చేతిలో లేనిది డబ్బు గాదు, తెలివి. ఈ మాట చెప్పకుండ మిమ్ము పెద్ద కెమేరాకు చందా అడుగుట మాకు ధర్మము గాదు.

ఐనను మేము పాఠశాలకు మిర్రర్‌లెస్ కెమేరానే సిఫారసు చేయుచున్నాము. కారణములు మూడు. మొదటిది: పాఠశాల తీయవలసిన ఫోటోలలో ముఖ్యమైనవన్నియు కష్టమైన వెలుతురులోనివి. రాత్రి నాటకములు, నాట్యములు, చీకటి గదులలోని మగ్గములు, నాడె విసరుచున్న చేతులు. కూర్చున్నవానిని ఆపవచ్చును గాని, నేయుచున్న చేతిని ఆపినచో నేత ఫోటో ఎట్లగును? రెండవది: లెన్సులు మిగులును. పది సంవత్సరములకు కెమేరా పాతబడినను, అదే జాతి క్రొత్త కెమేరాకు ఈ లెన్సులు పనికివచ్చును. జేబు కెమేరాలో లెన్సు లోపలికి ధూళి చేరినను, ముడుచుకొను యంత్రము చిక్కుకొన్నను, బాగుచేయు ఖర్చు వస్తువు వెలను చేరును. మన ఊరి గాలిలో నూలుధూళి తక్కువ గాదని మీకు తెలియును. మూడవది: పై తరగతుల పిల్లలకు వెలుగు, మూతి, కాలము అను మూడింటి సంబంధము చేతితో త్రిప్పి నేర్చుకొనుటకు వీలు దీనిలో ఉన్నది. అది భౌతికశాస్త్రపు పాఠమే.

వెల విషయము. కెమేరాకును పెట్టె లెన్సుకును కలిపి వేలకొలది రూపాయలగును. 50 మిల్లీమీటర్ల లెన్సు, స్టాండు, రెండవ బ్యాటరీ, మెమరీ కార్డులు కలిపి మఱికొన్ని వేలు. ఈ రెండవ భాగమునకు ధనము చాలనిచో, మొదటి భాగమును కూడ కొనవలదని మా దృఢాభిప్రాయము. అప్పుడు కొంత తక్కువ సొమ్ముతో ఒక అంగుళపు సెన్సారు గల పాత జేబు కెమేరాను, నమ్మకమైన చోట పరీక్షించి కొనుట మేలు. సగము కొన్న మగ్గముపై నేత సాగదు. కొనునప్పుడు కంటికి ఆనించి చూచు కిటికీ ఉన్నదో లేదో చూడవలెను. కెనాన్ ఆర్50, ఆర్100లకు అది కలదు, నికాన్ జెడ్30కిని సోనీ జడ్‌వి-ఇ10కిని లేదు. మన యెండలో వెనుక తెరపై బొమ్మ కనబడక చేతిని గొడుగుగ పట్టవలసి వచ్చును.

కెమేరా బీరువాలో పడకుండుటకు కొన్ని నియమములు ప్రతిపాదించుచున్నాము. గ్రంథాలయపు పుస్తకమువలె దీనిని రిజిస్టరులో వ్రాసి, నేర్చుకొన్న ఉపాధ్యాయులకును, వారితోకూడి పై తరగతి విద్యార్థులకును ఇయ్యవలెను. తాళపుచెవి ఇద్దరి దగ్గర ఉండవలెను. వానకాలమున తేమవలన లెన్సులో బూజు పట్టును. కావున మూత బిగియు డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచవలెను. లెన్సు మార్చునప్పుడు కెమేరా నోరు క్రిందికి ఉండవలెను. సాంచల గదిలో మార్చనేరాదు. తీసిన ఫోటోలకు మూడు ప్రతులు ఉండవలెను: ఒకటి పాఠశాల కంప్యూటరులో, ఒకటి వేరు హార్డ్ డిస్కులో, మూడవది వేరొక ఇంటి కప్పు క్రింద. ఒకే గదిలో నున్న మూడు ప్రతులు ఒక ప్రతితో సమానమే.

ఇక ఇంటి సంగతి. తల్లిదండ్రులారా, పిల్లవాడు మారాము చేసినంతమాత్రమున అప్పు చేసి మిర్రర్‌లెస్ కెమేరా కొనవలదు. ఒక సంవత్సరము మీ ఫోనుతోనే, కిటికీ వెలుతురును గమనించుచు తీయుమనుడు. ఆ సంవత్సరాంతమున "దీనితో ఇది తీయలేకపోతిని" అని పిల్లవాడు స్పష్టముగ చెప్పగలిగినచో, అప్పుడు ఏ కెమేరా కొనవలెనో ఆ మాటయే తెలుపును. చీకటి, కదలిక అనినచో లెన్సు మార్చు కెమేరా. దూరము, యాత్ర, తేలిక అనినచో జేబు కెమేరా. ఏమియు చెప్పలేనిచో ఏదియు కొననక్కరలేదు. పెద్దమ్మ ఇంటిలోనో, మేనమామ ఇంటిలోనో పాత జేబు కెమేరా సొరుగులో పడియున్నచో, దానికి క్రొత్త బ్యాటరీ వేసి ఇచ్చుట అన్నిటికంటె మేలు.

చివరగ ఒక్క మనవి. రాజా దీన్‌దయాళ్ (1844–1905) హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై, గాజుపలకలపై రాజభవనములను, దొరలను తీసిన కాలమున, మన ముత్తాతలును ఆ రాజ్యపు పల్లెలలోనే మగ్గము నేయుచుండిరి. మీలో ఎందరి ఇండ్లలో ఆ ముత్తాత ఫోటో కలదు? మాకు తెలిసి, చేయి ఎత్తువారు కొలదిమంది. ఆనాడు కెమేరా మనకు అందలేదు. ఈనాడు ప్రతి జేబులో ఉన్నను, తీసినది నిలుచుట లేదు. ఏలయన దానిక్రింద ఎవరును ఏమియు వ్రాయుట లేదు. పేరు లేని ఫోటో రెండు తరములకు అపరిచితుని ఫోటో యగును.

కావున కెమేరా వచ్చిననాటినుండి తీసిన ప్రతి ముఖ్యమైన ఫోటో క్రింద నాలుగు సంగతులను మన పిల్లలు తెలుగులో వ్రాయవలెనని కోరుచున్నాము: ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరము, ఏమి చేయుచున్నారు. ఇంటిలో తెలుగు మాటాడియు వ్రాయుటకు జంకు పిల్లలు మనలో ఎందరో కలరు. తన అవ్వ ఫోటో క్రింద వ్రాయవలసి వచ్చినప్పుడు ఆ జంకు కొంత తగ్గునని మా ఆశ. రాజ్యాంగములోని 30వ అధికరణము మనకు పాఠశాల నడుపుకొను హక్కు నిచ్చినది. నాడె అను మాటకు అర్థము మరవకుండ చూచుకొను పని ఏ అధికరణమును మనకొఱకు చేయదు.

ఈ పేటలలో గుంటమగ్గము ఇంకను నిలిచియున్న ఇల్లు మీకు తెలిసినచో, ఈ సమావేశము ముగియకమునుపే మాకు చెప్పుడు. క్రొత్త కెమేరా వచ్చువఱకు మేము ఆగము. ఉన్న చిన్నదానితోనే, తలుపులు తెరచి, పీట వేసి, ఈ వారమే వత్తుము. ఈమారు మగ్గము కూడ పడును.